అభిమానం - నిష్పాక్షికత: నాటక ప్రేక్షకుడు, క్రీడాభిమాని

ప్రస్తావన

నాటకాన్ని ప్రేమించేవారినీ, క్రికెట్‌ను ప్రేమించేవారినీ తెలుగు ఒకే మాటతో పిలుస్తుంది: అభిమాని. సాంఖ్యకారిక అహంకారాన్ని నిర్వచించడానికి వాడిన పదం ఈ అభిమానమే. ‘నేను’, ‘నాది’ అనే భావన దాని సారం. తెలుగులో అది ఆత్మాభిమానంలో గౌరవాన్ని, దురభిమానంలో దోషాన్ని, నటుడి పట్ల అభిమానంలో ప్రీతిని సూచిస్తుంది. ఒకరిని అభిమానించడం వారిని ప్రేమించడమా, వారిలో మనల్ని మనం చూసుకొని మురవడమా అన్న ప్రశ్న ఈ పదంలోనే ఇమిడి ఉంది. నాటక ప్రేక్షకుడు ఉదాత్తుడనీ, క్రీడాభిమాని పక్షపాతి అనీ సులభంగా చేసే విభజన ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

అసురుల అభ్యంతరం

నాట్యశాస్త్రం ప్రథమాధ్యాయంలో తొలి ప్రదర్శన వృత్తాంతం ఉంది. ఇంద్రధ్వజోత్సవ సందర్భంలో దేవతలు అసురులను జయించిన కథను ప్రదర్శించారు. దేవతలు సంతోషించి నటులకు కానుకలిచ్చారు. అసురులు మాత్రం విరూపాక్షుడి నాయకత్వంలో విఘ్నాలను ప్రేరేపించి, నటుల వాక్కునూ కదలికలనూ జ్ఞాపకాన్నీ స్తంభింపజేశారు. ఇంద్రుడు ధ్వజదండంతో వారిని మోదాడు. అంటే భారతీయ నాటక ప్రేక్షకుల తొలి చిత్రణలోనే గెలిచిన పక్షం, ఓడిన పక్షం ఉన్నాయి. ఒక పక్షం కానుకలిచ్చింది, మరొక పక్షం ఆట చెడగొట్టింది. ఇరువురూ చూసింది తమ పక్షాన్నే.

తరువాత బ్రహ్మ సామోపాయంతో అసురులను పిలిచి కారణం అడుగుతాడు. దేవతల కోరికపై సృష్టించిన ఈ నాట్యవేదం తమకు అవమానమని విరూపాక్షుడు ఫిర్యాదు చేస్తాడు. ఇది మీ ఒక్కరిదీ, దేవతల ఒక్కరిదీ కాదనీ, ముల్లోకాల భావాలను అనుకీర్తించేదనీ బ్రహ్మ సమాధానం. రసాస్వాదనకు అడ్డువచ్చే ఏడు విఘ్నాలను అభినవగుప్తుడు చెప్పినప్పుడు, అనుభవాన్ని ‘నాది’, ‘పరులది’ అని దేశకాలాలకు కట్టివేయడాన్ని వాటిలో ఒకటిగా లెక్కించాడు. విరూపాక్షుడు బయటినుంచి తెచ్చిన విఘ్నం అభినవగుప్తుడి దగ్గర ప్రేక్షకుడి మనస్సులోకి చేరింది.

కురుక్షేత్రంలో వన్స్‌మోర్

తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు ‘కురుక్షేత్రం’గా ఊరూరా ఆడినప్పుడు, కృష్ణరాయబారం విఫలమవుతుందని తెలియని ప్రేక్షకుడు లేడు. అయినా సభలో కృష్ణుడి పద్యానికి వన్స్‌మోర్ పడుతుంది, దుర్యోధనుడి పద్యానికీ పడుతుంది. ధర్మం ఎటు ఉన్నదో అందరికీ తెలుసు. ఆ తెలివిడి రాగాలాపనను మెచ్చుకోవడానికి అడ్డు రాదు. బ్రహ్మ అసురులకు చెప్పిన మాట ఇక్కడ ఆచరణలో కనిపిస్తుంది.

అలాగని రంగస్థలానికి పోటీ కొత్త కాదు. నాట్యశాస్త్రం ఇరవై ఏడవ అధ్యాయం నటుల మధ్య స్పర్ధను, తీర్పు చెప్పే ప్రాశ్నికులను, గెలిచినవారికి ఇచ్చే పతాకాన్ని ప్రస్తావిస్తుంది. ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు నటులు కృష్ణ పాత్రను పంచుకున్నప్పుడు మన ప్రేక్షకుడు కూడా ప్రాశ్నికుడే అవుతాడు. పోటీ ఉండటం, లేకపోవడం అనే దానిపై నాటకాన్నీ క్రీడనూ విడదీయలేం. అసలు భేదం వన్స్‌మోర్‌లో ఉంది. పద్యాన్ని మళ్లీ పాడించవచ్చు. పడిన వికెట్టును మళ్లీ ఆడించలేం. క్రీడాభిమాని ఆశ పెట్టుకున్న ఫలితం ముందు తెలియదు, వచ్చాక మారదు.

రెండు మైదానాలు

1996 మార్చి 13న కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో ప్రపంచకప్ సెమీఫైనల్. శ్రీలంక 251 పరుగులకు బదులుగా భారత్ 8 వికెట్లకు 120 వద్ద ఉండగా ప్రేక్షకులు సీసాలు విసిరారు, గ్యాలరీలో నిప్పు పెట్టారు. రిఫరీ క్లైవ్ లాయిడ్ మ్యాచ్‌ను శ్రీలంకకు ఇచ్చేశాడు. విరూపాక్షుడి విఘ్నానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

1999 జనవరి 31న చెన్నై చేపాక్ మైదానంలో పాకిస్థాన్‌పై టెస్టు. 271 పరుగుల లక్ష్యంలో భారత్ 258కి ఆలౌటైంది. సచిన్ టెండూల్కర్ వెన్నునొప్పితోనే 136 పరుగులు చేశాడు. పన్నెండు పరుగుల తేడాతో ఓడిన ఆ సాయంత్రం ప్రేక్షకులు లేచి నిలబడి పాకిస్థాన్ జట్టుకు కరతాళధ్వనులు పలికారు. ఆ జట్టు మైదానం చుట్టూ తిరిగి ఆ మన్ననను స్వీకరించింది. చూసింది క్రికెట్టే, ఓడింది మన జట్టే. ప్రేక్షకుల ప్రవర్తన మాత్రం పూర్తిగా వేరు.

అభిమానానికి మూల్యం

చేపాక్ ప్రేక్షకుడు సహృదయుడిలా ప్రవర్తించాడని అనడం సగం నిజమే. సహృదయుడికి నిష్పాక్షికత కొంత సులభంగా లభిస్తుంది. సాధారణీకరణం వల్ల హరిశ్చంద్రుడి శోకం అతడికి కరుణరసమై ఆనందాన్నిస్తుంది. అతడు పోగొట్టుకునేది ఏమీ లేదు. కల్పిత దుఃఖానికి కార్చే కన్నీరు మన నుంచి ఏ త్యాగాన్నీ కోరదని రూసో 1758 నాటి లేఖలో నాటకాన్ని ఆక్షేపించడానికి ఆధారం ఇదే. క్రీడాభిమాని దుఃఖం లౌకికం. అది రసంగా మారదు, రాత్రి నిద్ర చెడగొడుతుంది. ఏళ్ల తరబడి ఓడే జట్టును విడవకుండా ఉండటంలో ఒక విశ్వసనీయత ఉంది. ఎవరి పక్షమూ వహించనివాడికి ఆ గుణాన్ని చూపే అవకాశమే రాదు.

క్రీడలో పక్షపాతాన్ని దోషంగా కొట్టివేయలేకపోవడానికి కారణం ఇది. పక్షం వహించనిదే ఓటమి బాధ లేదు. బాధ లేనప్పుడు ప్రత్యర్థికి చప్పట్లు కొట్టడం మర్యాద మాత్రమే. చేపాక్‌లో ఆ చప్పట్లకు విలువ వచ్చింది బాధ మిగిలి ఉన్నందువల్లనే. అక్కడి ప్రేక్షకుడు తన ‘నేను’ను పక్కన పెట్టలేదు; దాన్ని కొలబద్దగా వాడటం మానుకున్నాడు. సహృదయుడు మమకారం కరిగిన చోట చూపే ఔదార్యాన్ని ఇతడు మమకారం ఉండగానే చూపాడు. నైతికంగా ఇది మరింత కష్టసాధ్యం.

ముగింపు

బ్రహ్మ అసురులను అసురత్వం వదులుకోమనలేదు. కోపాన్నీ శోకాన్నీ చాలించమన్నాడు, ఈ నాట్యం మీదీ కూడా అన్నాడు. ఓడినవారికి కూడా ఆ సభలో చోటుందన్న హామీ అది. రససిద్ధాంతంతో ప్రేక్షకుణ్ణి అధ్యయనం చేసే మనం సహృదయుడి గురించి విస్తారంగా రాశాం. కానుకలిచ్చిన దేవతలనూ, అలిగిన అసురులనూ ప్రేక్షకులుగా అంతగా పట్టించుకోలేదు. అభిమానం అనే మాటలో అహంకారం, ప్రేమ కలిసే ఉంటాయి. ఓడిపోయిన సాయంత్రం ఎదుటివారి శ్రమను గుర్తించగలిగినప్పుడు, ఆ రెండింటిలో ప్రేమదే పైచేయి అని తేలుతుంది. నాటకశాల అయినా మైదానమైనా అభిమానికి పరీక్ష అదే.