ఇరువది అంకెల సంఖ్య

మా చాట్రాయి ప్రాంతమున మామిడితోటను గుత్తకు తీసికొనవచ్చిన వ్యాపారి, చెట్లు పూతమీద నున్నప్పుడే కొమ్మకొమ్మను పరికించి, కాపు ఇంతయని చెప్పును. తేనెమంచు పురుగునకును గాలివానకును ఓర్చి నిలిచిన కాయ ఆ మాటకు దరిదాపుగా నున్నచో ఊరు వాని నేర్పును మెచ్చుకొనును. అంతకుమించి వానిని ఎవ్వరును అడుగరు. లోకవ్యవహారమున పెద్ద సంఖ్యకు ఆ దరిదాపు చాలును.

సుమారు 11వ శతాబ్దిలో, మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెనుగు పద్యములలోనికి తెచ్చిన పావులూరి మల్లనకు మాత్రము అది చాలలేదు. చదరంగపు అరువదినాలుగు గళ్లలో ఒకటితో మొదలిడి గడిగడికిని రెట్టించుచు పోగా వచ్చు మొత్తమును, ఆయన పేర ప్రసిద్ధమైన పద్యము, శశి, వేదము, గిరి మొదలగు సంజ్ఞలతో ఒకట్ల స్థానమునుండి ఎడమకు నడచుచు, ఇరువది అంకెలలో ఒక్కటియు తప్పక చెప్పుచున్నది: 18446744073709551615. అవి వడ్లగింజలే యనుకొని, గింజ 25 మిల్లీగ్రాములని లెక్కించినచో, 46 వేల కోట్ల టన్నులగును. ఈనాటి ప్రపంచపు వరిపంట సుమారు ఆరువందల ఏండ్లు పోగుపడవలెను. ఆ రాశిని చూచినవాడు లేడు, చూడబోవువాడును లేడు. అయినను కడపటి 5 స్థానమున 6 వ్రాసినచో అది అసత్యమే. చేతికందని దానియందు బుద్ధికింత నిష్కర్ష ఎట్లు సాధ్యమైనదో, నాకు దాని పరిమాణముకంటె ఇదియే వింతగా తోచును.

ఇంతకంటె వింత దాని గర్భమున నున్నది. మొత్తము బల్లలోని రాశి, మొదటి సగమందలి రాశియైన 4294967295ను, దానికంటె రెండెక్కువైన 4294967297 చేత హెచ్చించగా వచ్చినదే. ఆ సగమును మరల సగము చేసినచో 65535, 65537. ఆపైన 255, 257. ఇట్లు ఆరుమారులు సగించుకొనుచు దిగినచో 3, 5, 17, 257, 65537, 4294967297 అను ఆరు గుణకములు బయల్పడును. తొలి అయిదును అవిభాజ్యములు. ఆరవదియు అట్టిదేయని 17వ శతాబ్దిలో గణితవేత్త ఫెర్మా నమ్మెను. అంతటివాని నమ్మకమును 1732లో ఆయిలర్ అను మరియొక గణితవేత్త భంగపరచి, అది 641, 6700417ల లబ్ధమని చూపెను.

పద్యమును వల్లించిన తెనుగు విద్యార్థుల నాలుకమీద ఈ 641 అన్ని శతాబ్దులు పేరులేకయే ఆడుచుండెను. ఒక సంఖ్యను పూర్తిగా పలుకుట వేరు, దానిని ఎరుగుట వేరు. ఆయిలర్ తీర్పుతో కథ ముగియలేదు. పై గుణకములలో ప్రతిదానినుండి ఒకటి తీసివేసి, వర్గముచేసి, మరల ఒకటి కలుపుచు ఆ వరుసను ఎంత దూరమైనను సాగించవచ్చును. కాని 65537 తరువాత అందులో మరియొక అవిభాజ్యసంఖ్య నేటివరకు దొరకలేదు, ఇక లేదని నిరూపించినవారును లేరు.