నీ పేరేమి?

ధ్యానభాగము: ఆదికాండము 27, 32 అధ్యాయములు



మన సంఘముల బిడ్డలనేకులు పని వెదకుకొనుచు పట్టణమునకు పోయియున్నారు. ఒకప్పుడు పల్లెయైన అల్మాస్‌గూడ నేడు ఎల్.బి. నగర్, దిల్‌సుఖ్‌నగర్‌ల దాపున ఇండ్లతో నిండిపోయినది. అట్టి చోట్ల అద్దె గదులలో నుండు మన బిడ్డలకు ఒకే ఫోనులో అధికారియు, అమ్మయు, సంఘమును కూడియున్నారు. ఎవరికి ఏ ముఖము చూపవలెనో వారికి తోచకున్నది.

రెండు పేర్లు మనకు క్రొత్త కాదు. సంఘపు పుస్తకములో ఒక పేరు, బడి పుస్తకములో మరియొక పేరు గల కుటుంబములను మనమెరుగుదుము. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హక్కును హిందువులకును, సవరణలచేత 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును ఇచ్చెను, క్రైస్తవులకు ఇయ్యలేదు. ఆ భారము క్రింద నలిగినవారిపై మనము రాయి వేయము. అయితే నాడు ఆ రెండు పుస్తకములు ఒకదానినొకటి చూడలేదు. నేడు ఆదివారపు బాప్తిస్మపు ఫొటోను సోమవారము కార్యాలయమంతయు చూచుచున్నది. "అది తీసివేయుము" అని ఊరినుండి బిడ్డకు ఫోను చేయు తల్లిదండ్రులు మనలో లేరా?

తలుపు మూయుట అబద్ధము కాదు. గదిలోనికి వెళ్లి తలుపు వేసికొని ప్రార్థించుమని ప్రభువే నేర్పెను. పనికి ఒక నంబరు, ఇంటికి ఒక నంబరు ఉంచుకొనుట వివేకమే. వ్యాపారులకొరకు వాట్సాప్‌వారు 2018లో వేరుగా యాప్ ఇచ్చిరి. ఇంటి సంగతులను, పిల్లల ఫొటోలను పనివారి గుంపులో పెట్టకుందము. గదులు రెండైనను, వాటిలో నుండు మనిషి ఒక్కడే కావలెను.

యాకోబు అన్న వస్త్రములు తొడిగికొని, చూపులేని తండ్రితో తాను ఏశావునని పలికెను. ఆశీర్వాదము దొరికెను గాని ఇల్లు విడిచి పారిపోవలసివచ్చెను. అనేక సంవత్సరములకు యబ్బోకు రేవున, రాత్రి పెనుగులాటలో, అతని పేరు మరల అడుగబడెను. ఈసారి అతడు తన పేరే చెప్పెను. అక్కడనే ఆశీర్వాదమును, క్రొత్త పేరును పొందెను. కుంటుచునే నడిచెను గాని సూర్యుడు ఉదయించెను.

సత్యము చెప్పినవానికి కుంటు కలుగవచ్చును. కాబట్టి మన బిడ్డలను ఒంటరిగా పెనుగులాడనియ్యక, వారి భారమును సంఘముగా మోయుదము. ప్రభువు మనకట్టి ధైర్యమిచ్చునుగాక. ఆమేన్.