ఊపిరియే ఊత

కురుక్షేత్రమున శత్రుబాణమొక్కటియు తగులకముందే అర్జునుని అవయవములు పట్టుదప్పెను, నోరెండెను, దేహము వణికెను, గాండీవము చేజారెను, మనస్సు గిరగిర తిరిగెను. హఠాత్తుగా భయము క్రమ్మినవారిలో నేటి వైద్యులును ఇట్టి లక్షణములనే చూచుచున్నారు. భక్తి చాలకనే ఈ భయమని అట్టివారిని నిందించువారు గలరు. అది తగదు. సాక్షాత్తు భగవానుడే సారథియై యెదుట నుండగా అర్జునుడు వణికెను గదా!

పతంజలి మహర్షి యోగసూత్రముల ప్రథమపాదమున, 31వ సూత్రములో, చిత్తము చెదరినపుడు తోడుగా వచ్చువానిలో అంగకంపమును, శ్వాసప్రశ్వాసలను గూడ చేర్చెను. 34వ సూత్రమున ప్రాణముచే సాధింపదగిన ఉపాయమును చెప్పుచు, ముందుగా ఊపిరిని విడుచుటనే పేర్కొనెను. భయపడినవాడు గాలి చాలదని గబగబ పీల్చును. అందువలన తల తిరుగుట, వ్రేళ్లు తిమ్మిరెక్కుట అధికమగును.

కావున నిటారుగా కూర్చుండి, ముక్కుతో మెల్లగా పీల్చి, పీల్చినదానికంటె దీర్ఘముగా విడువవలెను. విడుచునపుడు మనస్సున గోవిందనామమును నిలుపవలెను. బలవంతముగా ఊపిరి బిగబట్టరాదు. రొమ్మునొప్పి గలచో జాగుసేయక వైద్యుని చూడవలెను. నెమ్మదిగా నున్న దినములలో సంధ్యావేళ అభ్యసించినదే ఆపద్వేళ అక్కరకు వచ్చును.

మనస్సు గాలివలె పట్టరానిదని గీత ఆరవ అధ్యాయమున అర్జునుడు మొరపెట్టగా, అభ్యాసవైరాగ్యములచే పట్టవచ్చునని స్వామి యానతిచ్చెను. ఆ గాలియే మన నాసికలో సంచరించుచున్నది. దానిని మెల్లగా నడుప నేర్చినవానికి మనస్సును శ్రీహరి పాదముల చేర్చుట సుకరమగును.