కడుపు మాట వినండి

బస్సెక్కాలంటే భయం. పెళ్లి భోజనమంటే భయం. ఎక్కడికెళ్లినా ముందు మరుగుదొడ్డి ఎటువైపో చూసుకోవడం. ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) అనే పేగుల సమస్య ఉన్నవాళ్ల బాధ ఇది. పరీక్షల్లో ఏమీ తేలదు కాబట్టి, "అంతా నీ మనసులోనే ఉంది" అనేస్తారు ఇంట్లోవాళ్లు. అది అన్యాయం.

మరి ఐబీఎస్‌కు ప్రోబయోటిక్ గుళికలు, అంటే మేలు చేసే సూక్ష్మజీవులుండే గుళికలు వాడొచ్చా? డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు. 2021లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వద్దంది. అదే ఏడాది బ్రిటిష్ నిపుణుల సంఘం మాత్రం 12 వారాల వరకు వాడి చూడండి, గుణం కనిపించకపోతే ఆపేయండి అంది. నాకు ఈ రెండో మాటే సబబనిపిస్తుంది. అయితే ఒకసారికి ఒకే రకం వాడండి. ఉబ్బరం, నొప్పి, విరేచనం ఎలా ఉన్నాయో గోడ క్యాలెండర్ మీద రోజూ రాసుకోండి.

మలంలో రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా గుళికలతో కాలయాపన చేయకండి. వెంటనే డాక్టరుకు చూపించుకోండి.