పల్లెటూరికి ఎన్ని మార్కులు?

ఈ మధ్య జనం పెళ్ళి సంబంధాలు చూసినట్టు పల్లెటూళ్ళని చూస్తున్నారు. నీళ్ళెలాంటివి, నేల మంచిదేనా, ఆస్పత్రి ఎంత దూరం... ఒకటే ఆరా! 2020లో కరోనా వచ్చి ఊరూ వాడా తలుపులు బిగించుకున్నప్పుడు పట్టుకున్న భయం ఇది. రేపు మళ్ళీ ఏదైనా వస్తే ఈ నగరంలో మన బతుకేమిటి అని. నిజమే మరి. ఆరో అంతస్తులో కుళాయి ఎండిపోతే నుయ్యి తవ్వుకుందామన్నా కాళ్ళ కింద నేలేదీ?

మా చిన్న మరిది అలా వెతికి వెతికి కోనసీమ మీద మనసు పడ్డాడు. రెండెకరాలు కొని, తిండీ పాడీ దీపమూ అన్నీ అక్కడే సమకూర్చుకుని, ఏ ఉపద్రవం వచ్చినా ఒకరి గుమ్మం తొక్కకుండా బతకాలట. నోటుబుక్కులో గళ్ళు గీసి, ఒక్కోదానికి పదికి ఇన్నని మార్కులు కూడా వేశాడు.

నీళ్ళకి పదికి పది! వెయ్యడా మరి? గౌతమికీ వశిష్ఠకీ సముద్రానికీ మధ్య ఒదిగిన ఒండ్రు నేల. కాని ఆ నీళ్ళు ధవళేశ్వరం నుంచి రావాలి. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి కాటన్ దొర ఆనకట్ట కట్టించాకే ఈ పచ్చదనం నిలకడగా నిలబడింది. వైనతేయ పాయ మీదుగా గన్నవరం దగ్గర కాలవని దాటించే అక్విడక్టు లేకపోతే ఆవలి ఒడ్డున సాగునీటికి కటకటే. గేట్లు ఎత్తేవాళ్ళూ దించేవాళ్ళూ ఇంకెక్కడో వుంటే మనం స్వయంసమృద్ధం ఎలా అయ్యామో నాకైతే బోధపడలేదు. పంట సంగతీ అంతే. 2011లో గిట్టుబాటు లేక ఆ కోనసీమ రైతులే వేలాది ఎకరాల్లో సార్వా వరి వెయ్యకుండా మానేశారు. నేల పండనని మొరాయించలేదు. పండిస్తే మనిషి బతకలేకపోయాడు. ఇక కందిపప్పు మెరక నేలల నుంచి రావాలి, ఎండుమిరపకాయలు గుంటూరు నుంచి రావాలి. పప్పుచారు పెట్టాలంటేనే పరాధీనం!

ఉపద్రవాల గడిలో నాలుగు మార్కులు వేశాడు. నేనైతే మూడే వేద్దును. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర దాదాపు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసేది 17 లక్షలకి! 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకి వెయ్యిమందికి పైగా పోయారు. కొబ్బరితోటలు నేలకొరిగాయి. మళ్ళీ మొక్క నాటితే గెల కంటికి కనిపించడానికి ఐదారేళ్ళు పట్టే చెట్టది. పోనీ నీరూ గాలే శత్రువులా అంటే, 1995లో పాశర్లపూడి గ్యాసుబావి 65 రోజులు మండింది.

ఉపద్రవానికి సిద్ధంగా వుండడం అనగానే మగవాళ్ళకి బేటరీలూ సోలారు పలకలూ గుర్తొస్తాయి. మనం అనాదిగా చేస్తున్నదేమిటి? ఎండాకాలంలో వడియాలూ ఒరుగులూ చల్లమిరపకాయలూ, ఏడాదికి సరిపడా ఆవకాయా! మెట్ట సీమల్లో ధాన్యం పాతరేసేవారు. కోనసీమలో కాస్త తవ్వితే నీళ్ళు పడతాయి కనక ఎండుగడ్డి తాళ్ళు చుట్టి పురి కట్టేవారు. వరదొస్తే సామానంతా అటక మీదికి. ఎవరూ దానికి పేరు పెట్టలేదు, మార్కులూ వెయ్యలేదు.

అసలు సంగతికొస్తాను. ప్రమాదాలన్న గడిలో వరద, తుఫాను, ఉప్పునీరు అని రాసి, నాలుగోది "ఇరుగుపొరుగు" అని రాశాడు! దానికి విరుగుడు ఎనిమిదడుగుల ప్రహరీ, పైన ముళ్ళతీగ.

"తిండి దొరక్కపోతే అందరూ మన మీదే పడతారు వదినా" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. ఇంట్లో నలుగురికి నెలరోజుల బియ్యం వుందనుకోండి. ఏటిగట్టు మీద పన్నెండు కుటుంబాలు వానలో తడుస్తున్నాయి. తలుపు తీస్తే ఆ బియ్యం రెండు రోజుల్లో అడుగంటుతుంది. మూడోనాడు పడవ రాకపోతే? తల్లి అన్నది ముందు తన పిల్లల కంచం వైపే చూస్తుంది. దాన్ని స్వార్థం అనడానికి నాకు నోరు రాదు.

అయితే ఆ లంకల గన్నవరంలోనే డొక్కా సీతమ్మగారు బతికారు, 1841 నుంచి 1909 దాకా. ఏ వేళకి ఎవరొచ్చినా విస్తరి వేసిన ఇల్లాలు. గన్నవరంలో కొత్తగా కట్టిన అక్విడక్టుకి ఆవిడ పేరే పెట్టారు. "ఆవిడ మహాతల్లి, మనమెక్కడ?" అని దణ్ణం పెట్టి తప్పుకోవడం సులువు. నేను ఇంకో సంగతి చూస్తాను. ఆ ఇంట్లో వ్యవసాయం వుంది, గింజలున్నాయి. నిలవే లేని ఇల్లు ఎవరికి పెడుతుంది? కనక మా మరిది దాచుకోవడాన్ని నేను తప్పు పట్టను. ఆ ముళ్ళతీగే నాకు గుచ్చుకుంటోంది.

అలా అని ఇరుగుపొరుగు అంతా వెన్నపూస అని నేననను. జిల్లా పేరు గొడవలో 2022 మే నెలలో అమలాపురంలో ఇళ్ళే తగలబెట్టారు. రెండు నెలలు తిరక్కుండా గోదావరి వచ్చి లంకల్ని ముంచింది. అప్పుడు పడవ ఎవరిదైనా ఎక్కక తప్పుతుందా?

పాత పల్లెలు అన్నీ తామే పండించుకునేవని మురిసిపోయే వాళ్ళని నేనొకటి అడుగుతాను. ఎవరి గాదె నిండేది? తూర్పారబట్టిన వాడి ఇంట్లో ఏం మిగిలేది? 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సర్కారు లెక్కకే 10 వేలమంది దాకా పోయారు. అలాంటి రాత్రి డాబా వున్నవాళ్ళు డాబా ఎక్కుతారు. గుడిసె వాళ్ళకి ఎక్కడానికి ఏముంది? ఊరొకటే. డాబాలో కూర్చుని వేస్తే పదికి ఏడు, గుడిసెలో కూర్చుని వేస్తే సున్నా. మా మరిది నోటుబుక్కులో ఆ గడి లేదు.

అందుకే, ఊళ్ళో ఇల్లు కట్టుకునే వాళ్ళెవరైనా నన్నడిగితే, నీళ్ళకంటే ముందు డాబా మెట్లు ఎటువైపని అడుగుతాను. లోపల్నించా, వీధివైపునించా? వీధివైపు వేస్తే దొంగల భయం, కాదనను. మెట్ల మొదట్లో ఇనపతలుపు పెట్టించుకుని, రెండో తాళంచెవి ఎదురింటావిడ దగ్గర వుంచితే సరిపోతుంది.