మార్కులును సత్యమును

ప్రయోగశాలలో విద్యార్థికి మనము మార్కులిచ్చునది అతడు కనుగొన్నదానికా, లేక కనుగొనవలెనని మనము ముందే తలచినదానికా? ప్రశ్న స్వల్పముగా తోచును గాని దీనియందొక ధర్మసూక్ష్మము కలదు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల డిగ్రీ కళాశాలలు 2008లో కరీంనగరమున స్థాపింపబడిన శాతవాహన విశ్వవిద్యాలయము పరిధిలోనివి. అట్టి కళాశాలలో ఒక విద్యార్థి లోలకము నూపి గురుత్వ త్వరణమును కొలిచెననుకొందము. పుస్తకములో 980 అని యున్నది. అతనికి 965 వచ్చినది. పరీక్షకుడు ఆ అంకెనే చూచునని అతడెరుగును. కావున జవాబునుండి వెనుకకు లెక్కగట్టి, డోలన కాలములను దిద్ది, పట్టికను నింపి నిండు మార్కులు గైకొనును. ప్రక్కవాడు గడియారము చూపినదే వ్రాసి మార్కులు పోగొట్టుకొనును. ఆనాడు ఇద్దరును ఒక పాఠము నేర్చుకొందురు. అది భౌతికశాస్త్ర పాఠము మాత్రము కాదు. మేమును ఉపాధ్యాయులమే, అంకెను చూచి మార్కువేసిన దోషము మాయందును కలదు.

ఇందు మరియొక విపరీతము. 980.665 అను ప్రామాణిక విలువ 1901లో తూనికలు కొలతల అంతర్జాతీయ సభ అంగీకరించినది. జగిత్యాల అక్షాంశమునకును ఎత్తునకును లెక్కగట్టినచో వచ్చునది సుమారు 978.5. మన నేల చెప్పునది ఒకటి, మనము మెచ్చుకొనునది మరియొకటి! భేదము స్వల్పమే, కాని స్వల్పభేదమును గౌరవించుటయే శాస్త్రము. 1892లో రేలీ ప్రభువు గాలినుండి తీసిన నత్రజని, అమోనియానుండి తీసిన నత్రజనికంటె సుమారు వేయింట నొకవంతు బరువుగా నుండుట గమనించి, దానిని దిద్దక లోకమునకు వెల్లడించెను. ఆ భేదమునుండియే 1894లో ఆర్గాన్ బయల్పడినది. అతడు మార్కులకు భయపడిన విద్యార్థియైనచో ఏమగును?

కావున మార్కులిచ్చు పద్ధతియే మారవలెను. కొలతలను చూచినవెంటనే సిరాతో వ్రాసెనా, పొరపాటునకు హద్దు చెప్పెనా, భేదమునకు కారణము వెదకెనా అనునవి చూడవలెను. చాలనిచో సున్న వేయక మరల చేయింపవలెను. పట్టుబడువరకు నేర్పుమని 1968లో అమెరికా పండితుడు బెంజమిన్ బ్లూమ్ వ్రాసెను. ఇది మన సిరిసిల్లకు క్రొత్త గాదు. అచటివారు సాంచాలను మరమగ్గములమీద పోగు తెగినచో, ఆపి, ముడివేసి, మరల నడుపుదురు. తెగినది దాచినవాని గుడ్డయందే లోపము మిగులును.

ఇట్లైన ఉపాధ్యాయుని పక్షపాతమునకు చోటు కలుగునని కొందరందురు. ఆ భయము నిరాధారము గాదు. కాని ఏమేమి చూచెదరో ముందుగనే ప్రకటించినచో అది చాలవరకు తగ్గును. శ్రమ పెరుగుననుట నిజమే. ఒక పరికరముచుట్టు పలువురు మూగుచోట మరల చేయించుట సులభము గాదు. పది ప్రయోగములకు బదులు ఆరు చేయించినను మేలే.

తైత్తిరీయోపనిషత్తున గురువు శిష్యుని సాగనంపుచు మొట్టమొదట బోధించునది సత్యవచనము. మన ప్రయోగశాలలనుండి వెడలు యువకుడు తాను చూచినదానిని చూచినట్లు చెప్పజాలనిచో, అతని పట్టమున నెన్ని మార్కులున్న నేమి? ఆ లోపము మొదట మన కలములోనిది.