వెన్ను వాపు, కంటి పొడి: ఒక కారణ విచారణ

వెన్నెముకను పట్టే కీళ్లవాతానికి, కంటి ఉపరితలాన్ని బాధించే వ్యాధులకు ఉన్న సంబంధం వైద్యులు తేల్చవలసిన విషయమే అయినా, “ఇది నాకే ఎందుకు రావాలి” అని రోగి అడిగిన క్షణం నుంచి అది దర్శనశాస్త్రాల పరిధిలోకి కూడా వస్తుంది. “ఏ జన్మలో చేసిన పాపమో” అన్న జవాబు మన ఇళ్లలో సిద్ధంగా ఉంటుంది. ఆ జవాబును మన దర్శనాలు నిజంగా సమర్థిస్తాయా అన్నదే ఇక్కడి విచారణ.

యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అనే ఈ వ్యాధి సాధారణంగా 45 ఏళ్ల లోపు, తరచు ఇరవైలలోనే మొదలవుతుంది. తెల్లవారి లేచేసరికి నడుము పట్టేసి, అరగంటకు పైగా వంగనివ్వకుండా చేసి, నాలుగడుగులు వేస్తే సడలి, విశ్రాంతి తీసుకుంటే మళ్లీ బిగియడం దీని లక్షణం. బరువులెత్తడం వల్ల వచ్చే నడుము నొప్పి విశ్రాంతితో తగ్గుతుంది కనుక రెండింటికీ ఇక్కడే తేడా తెలుస్తుంది. ఈ రోగుల్లో నాలుగోవంతుకు పైగా ఎప్పుడో ఒకప్పుడు యువైటిస్‌కు, అంటే కంటి లోపలి పొరల వాపుకు గురవుతారు. అది ఉపరితల వ్యాధి కాకపోయినా, కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోవడంతో కండ్లకలకగా పొరబడి మందుల షాపులో చుక్కలు కొనుక్కునేవారు ఉంటారు. ఆలస్యమైతే చూపుకే ముప్పు. ఉపరితలానికి సంబంధించినంతవరకు కళ్లు పొడిబారడం ఈ రోగుల్లో ఇతరులకంటే ఎక్కువని పరిశీలనల్లో తేలింది. ఈ పొడిబారడాన్ని తేల్చడానికి కింది రెప్ప అంచున చిన్న వడపోత కాగితపు పట్టీని ఉంచి, 5 నిమిషాల్లో అది ఎన్ని మిల్లీమీటర్లు తడిసిందో కొలుస్తారు. తడి 5 మిల్లీమీటర్లు దాటకపోతే కన్నీరు బాగా తగ్గినట్టు లెక్క. వెన్ను చెడి కన్నును చెడగొట్టడం లేదు. దేహాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థ సొంత కణజాలం మీదికే తిరగడం వల్ల పుట్టిన వాపు రెండు చోట్లా బయటపడుతోంది.

1973లో లండన్‌లోను, లాస్ ఏంజెలెస్‌లోను వేర్వేరు పరిశోధకులు ఈ వెన్ను వ్యాధికి హెచ్‌ఎల్‌ఏ-బీ27 అనే జన్యు లక్షణంతో గాఢమైన సంబంధం ఉందని కనుగొన్నారు. యువైటిస్‌కూ దానితో సంబంధముందని అదే ఏడాది తేలింది. అయితే ఆ లక్షణం ఉన్నవారిలో అత్యధికులకు జీవితాంతం ఈ వ్యాధి రాదు. మరి దానిని కారణమనవచ్చునా?

ఈ చిక్కును విప్పే పనిముట్టు తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రచించిన తర్కసంగ్రహంలోనే ఉంది. ఒకటి ఉన్నచోటల్లా రెండవది తప్పక ఉండడాన్ని నైయాయికులు, అంటే న్యాయదర్శన పండితులు, వ్యాప్తి అంటారు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదు, ఎర్రగా కాలిన ఇనుప గుండే అందుకు సాక్ష్యం. నిప్పుకు పచ్చి కట్టె కలిస్తేనే పొగ పుడుతుంది; ఇలా కలవవలసిన షరతును ఉపాధి అన్నారు. జన్యు లక్షణం నిప్పు వంటిది. పచ్చి కట్టె ఏమిటో శాస్త్రం ఇంకా వెతుకుతూనే ఉంది. కళ్లు పొడిబారే విషయంలో ఈ వివేకం మరీ అవసరం, ఎందుకంటే హైదరాబాద్‌లోని నాచారం పారిశ్రామికవాడలో దుమ్ము మధ్య పనిచేసేవారికీ, ఉప్పల్ ఐటీ కార్యాలయాల ఏసీ గదుల్లో తెర చూస్తూ రెప్ప వేయడం మరచేవారికీ వెన్ను వ్యాధి లేకుండానే కళ్లు పొడిబారవచ్చు. ఏ కారణం ఎవరిలో పనిచేస్తున్నదో విడదీసి చూడకుండా చికిత్స సాగదు.

ఇక పాపం మాట. న్యాయదర్శనం అదృష్టాన్ని, అంటే పూర్వకర్మ వల్ల కలిగిన కనబడని సంస్కారాన్ని, కాదనలేదు. కాని కాలం, దిక్కు, ఈశ్వరుడు వంటివాటితో కలిపి దానిని సాధారణ కారణాల్లో చేర్చింది. ప్రతి కార్యానికీ వర్తించే కారణం ఈ కార్యం ప్రత్యేకతను వివరించలేదు. కుండ పుట్టుకకూ అదృష్టం కారణమే, అయినా కుమ్మరిని వదిలి అదృష్టాన్ని ఎవరూ చూపరు. కనబడే కారణంతో పొసగేచోట కనబడనిదాన్ని కల్పించరాదన్నది మీమాంసకుల నియమం. బౌద్ధుల సంయుత్త నికాయంలో శివకుడనే పరివ్రాజకుడు అడిగినప్పుడు బుద్ధుడు పిత్తం, శ్లేష్మం, వాతం, ఋతుభేదం వంటివాటిని వేదనకు కారణాలుగా చెప్పి, కర్మను వాటిలో ఒకటిగా మాత్రమే లెక్కించి, అనుభవించేదంతా పూర్వకర్మే అనడం తెలిసినదాన్ని మించిపోవడమన్నాడు. ఆయుష్షంతా ముందే నిర్ణయమై ఉంటే వైద్యమే వ్యర్థమని చరకసంహిత విమానస్థానం వాదించింది. అందువల్ల రోగి ముందు పాపాన్ని ఎత్తడం శాస్త్రానికి విధేయత కాదు, శాస్త్రం తెలియకపోవడం. పైగా బాధలో ఉన్నవారిపై మోపే నింద.

పాపం కాక కారణం వెతకాలనుకుంటే, ఉప్పల్ ప్రాంతంలో జన్యువులను చదివే సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థలు ఉన్నాయి. నాచారంలో కార్మికుల కోసం ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. బీమా ఉన్న కార్మికుడు వైద్యుని ధ్రువపత్రంతో అనారోగ్య సెలవు తీసుకుంటే, అర్హతను బట్టి ఏడాదికి 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం నగదు ప్రయోజనం పొందవచ్చు. మూడు నెలలు దాటిన నడుము బిగువు ఉన్న యువకులు కన్ను ఎర్రబడితే కంటి వైద్యునికి నడుము సంగతి, నడుము చూసే వైద్యునికి కంటి సంగతి తప్పక చెప్పాలి. ఇంట్లోవారు పాపం లెక్కలు మాని వారి వెంట ఆసుపత్రికి వెళ్లాలి.